అమెరికా హిట్ పాటల లెక్క – నాలుగో పాఠం: ఏడాది ఎక్కడ మొదలవుతుంది?

రేడియో ప్రసారాలు, అమ్మకాలు, స్ట్రీమింగ్ ఈ మూడూ కలిసి హాట్ 100 (అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వారం వారం ఇచ్చే వంద పాటల జాబితా) ఎలా తయారవుతుందో ఈ పాఠంలో చెబుతానని మాట ఇచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చూశాక ముందుకు వెళ్లడానికి మనసొప్పలేదు. పునాది కదులుతుండగా గోడ లేపి లాభం లేదు.

అభ్యాసం మీకు గుర్తుండే ఉంటుంది. 2000 సంవత్సరం వారపు జాబితాలు చూసి, ఆ ఏడాది బిల్‌బోర్డ్ వార్షిక జాబితాలో మొదటి స్థానం ఏ పాటకు దక్కిందో ఊహించమన్నాను. ఎక్కువమంది సంతానా బృందం పాడిన 'మారియా మారియా' అని రాశారు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పది వారాలు నంబర్ వన్‌గా నిలిచిన పాట కాబట్టి ఆ ఊహకు కారణం అర్థమవుతుంది. కొందరు అదే బృందం రాబ్ థామస్‌తో చేసిన 'స్మూత్' అన్నారు. అసలు జవాబు ఫెయిత్ హిల్ పాడిన 'బ్రీద్'. వారపు జాబితాలో ఆ పాట ఏ ఒక్క వారమూ మొదటి స్థానానికి చేరలేదు. దాని అత్యున్నత స్థానం రెండు. 'స్మూత్' వార్షిక జాబితాలో రెండోది, 'మారియా మారియా' మూడోది.

సరిచూసుకున్న తర్వాత చాలామంది "జాబితాలో అచ్చుతప్పు ఉన్నట్టుంది" అని రాశారు. అచ్చుతప్పు కాదు. మీరు శిఖరాన్ని కొలిచారు, జాబితా మొత్తాన్ని కొలిచింది. ఏటి వర్షపాతం లెక్కలో ఒక్కరోజు కుండపోత కన్నా నాలుగు నెలల నిలకడ వానకే ఎక్కువ మిల్లీమీటర్లు పడతాయి కదా, ఇదీ అంతే.

కాగితం మీద చూద్దాం. మొదటి స్థానానికి 100 పాయింట్లు, రెండో స్థానానికి 99, అలా దిగుతూ వందో స్థానానికి 1 అనుకోండి. 'క' అనే పాట పది వారాలు నంబర్ వన్‌గా ఉంది, అంటే 1000 పాయింట్లు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కలిపి మరో ఎనిమిది వారాలు సగటున 41వ స్థానంలో ఉంది. వారానికి 60 చొప్పున 480. మొత్తం 1480. 'ఖ' అనే పాట నాలుగు వారాలు రెండో స్థానంలో ఉంది, 396. ఇరవై వారాలు సగటున 11వ స్థానంలో ఉంది, 1800. పన్నెండు వారాలు సగటున 31వ స్థానంలో ఉంది, 840. మొత్తం 3036. నంబర్ వన్ ముఖం చూడని పాటకు రెట్టింపు కన్నా ఎక్కువ వచ్చింది. 'బ్రీద్' జాబితాలో 53 వారాలు నిలిచింది. ఆ ఒక్క అంకె చూసినా మీరు తడబడేవారు కారు.

ఇలాంటి ఫలితం ఒక్క 2000లోనే రాలేదు. 1965లో శామ్ ద షామ్ అండ్ ద ఫారోస్ పాడిన 'వూలీ బుల్లీ' కూడా రెండో స్థానం దాటలేదు, అయినా ఏడాదికి మొదటి పాట అదే. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' నాలుగు వారాలు నంబర్ వన్‌గా ఉండి వార్షిక జాబితాలో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. 2001లో లైఫ్‌హౌస్ బృందం 'హ్యాంగింగ్ బై ఎ మొమెంట్', 2021లో డువా లిపా 'లెవిటేటింగ్' కూడా రెండో స్థానం వరకే వెళ్లి ఏడాది జాబితాలో మొదట నిలిచాయి. 'లెవిటేటింగ్' మొదటి పది స్థానాల్లో 41 వారాలు ఉంది.

పైన వాడిన 100, 99 లెక్క అభ్యాసానికి మంచిది. పాత సంవత్సరాలకు బిల్‌బోర్డ్ ఇలాంటి పద్ధతినే అనుసరించింది, వారపు స్థానాలను పాయింట్లుగా మార్చి కూడేది. అప్పట్లో దుకాణాలూ రేడియో కేంద్రాలూ తమ దగ్గర ఏవి బాగా ఆడుతున్నాయో వరుస చెప్పేవి. 1991 నవంబరు 30 తేదీ వేసిన సంచిక నుంచి హాట్ 100లోకి దుకాణాల్లో నమోదైన అసలు అమ్మకాలు, యంత్రాలు లెక్కించిన అసలు ప్రసారాలు వచ్చాయి. అప్పటినుంచి వార్షిక జాబితా కూడా ఆ అసలు అంకెల మొత్తం మీద నడుస్తోంది. ఈ తేడా వల్ల ఏం జరుగుతుందో 1997 చెబుతుంది. నాకు పాఠం చెప్పడానికి అన్నిటికన్నా ఇష్టమైన సంవత్సరం అది.

1997 అక్టోబరు 11 సంచికలో ఎల్టన్ జాన్ 'క్యాండిల్ ఇన్ ద విండ్ 1997' నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. డయానా యువరాణి మరణం తర్వాత విడుదలైన సింగిల్ (ఆల్బమ్‌తో కాక ఒకటి రెండు పాటలతో విడిగా అమ్మే డిస్కు) అది, రెండో పక్క పాటతో కలిపి లెక్కలోకి వచ్చింది. ఆ ఏటి లెక్క ముగిసేలోపు దానికి దొరికినవి ఏడెనిమిది వారాలే. స్థానాల పాయింట్లతో కూడితే ఏడెనిమిది వందలు దాటవు, మొదటి పది దరిదాపులకు కూడా రాదు. కానీ అసలు అమ్మకాలు కూడారు కాబట్టి 1997కు మొదటి పాట అదే అయింది. రెండో స్థానం జూయెల్ సింగిల్‌ది, రెండు పక్కలా 'యూ వర్ మెంట్ ఫర్ మీ', 'ఫూలిష్ గేమ్స్'. అది ఎప్పుడూ నంబర్ వన్ కాలేదు, 65 వారాలు జాబితాలో ఉంది. మెరుపు వేగంతో అమ్ముడైన పాట ఒకటి, ఏడాది పొడవునా రేడియోలో మోగిన పాట ఒకటి పక్కపక్కనే నిలవడం చూస్తే వార్షిక జాబితా ఏం కొలుస్తుందో వేరే వివరణ అక్కరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ జవాబుల్లో నన్ను నిజంగా బాధపెట్టినది 'మారియా మారియా' కాదు. తొంభై శాతం పట్టికలు జనవరి మొదటి వారంతో మొదలై డిసెంబరు చివరి వారంతో ముగిశాయి. క్యాలెండరు ఏడాదీ చార్టు ఏడాదీ ఒకటి కావు. మొదటి పాఠంలో ఒక వాక్యంలో చెప్పి వదిలిన మాట ఇది. ఇప్పుడు వదలను.

బిల్‌బోర్డ్ తన వార్షిక సంచికను డిసెంబరులో బయటపెడుతుంది. డిసెంబరులో అచ్చు కావాలంటే లెక్క అంతకుముందే ఆగాలి. అందుకని ఒక ఏటి లెక్క అంతకుముందటి ఏటి చివరి నెలల్లో మొదలై, ఆ ఏటి చివరి నెలలకు ముందే ముగుస్తుంది. చాలాకాలం ఈ సరిహద్దు నవంబరులోనో డిసెంబరు మొదట్లోనో పడేది. ఈమధ్య ఇంకా ముందుకు జరిగింది. 2024 వార్షిక జాబితాకు తీసుకున్నవి 2023 అక్టోబరు 28 నుంచి 2024 అక్టోబరు 19 దాకా తేదీలు వేసిన వారపు జాబితాలు. సరిహద్దు ప్రతి ఏడూ ఒకే చోట ఉండదు కాబట్టి, ఏ సంవత్సరాన్ని చదివినా ముందు ఆ గీత ఎక్కడుందో కనుక్కోండి. మిగతా పనంతా దాని తర్వాతే.

గీత పట్టించుకోకపోతే ఏమవుతుందో వరుసగా చూడండి.

ఒలీవియా న్యూటన్-జాన్ 'ఫిజికల్' 1981 నవంబరు 21న మొదటి స్థానానికి చేరి పది వారాలు దిగలేదు. 1981లో ఆ పాట గురించి మాట్లాడని వారు లేరు. 1981 వార్షిక జాబితాలో మొదటిది మాత్రం కిమ్ కార్న్స్ 'బెట్టీ డేవిస్ ఐస్'. 'ఫిజికల్' 1982కు మొదటి పాట అయింది. విట్నీ హ్యూస్టన్ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' 1992 నవంబరు 28న ఎక్కి పద్నాలుగు వారాలు నిలిచింది. 1992 జాబితాలో మొదటిది బాయ్జ్ టు మెన్ బృందం 'ఎండ్ ఆఫ్ ద రోడ్', విట్నీ పాట 1993కు మొదటిది. మడోనా 'లైక్ ఎ వర్జిన్' 1984 డిసెంబరు 22న ఎక్కి ఆరు వారాలు నంబర్ వన్. అది 1985లో రెండో స్థానంలో కనిపిస్తుంది. పాల్ మెకార్ట్నీ, మైకల్ జాక్సన్ కలిసి పాడిన 'సే సే సే' 1983 డిసెంబరు 10న ఎక్కింది, 1984 జాబితాలో మూడోది. టోనీ బ్రాక్స్‌టన్ 'అన్-బ్రేక్ మై హార్ట్' 1996 డిసెంబరు 7న ఎక్కి పదకొండు వారాలు ఉంది, 1997లో నాలుగోది. మరియా కేరీ, బాయ్జ్ టు మెన్ 'వన్ స్వీట్ డే' 1995 డిసెంబరు 2న నేరుగా మొదటి స్థానంలోకి వచ్చి పదహారు వారాలు అక్కడే ఉంది, 1996లో రెండోది.

ఇన్ని ఉదాహరణలు ఎందుకంటే, ఇవన్నీ గీతకు అటు పక్క పడి లాభపడిన పాటలు. వాటి బలమైన వారాలు దాదాపు అన్నీ ఒకే ఏటి లెక్కలోకి వచ్చాయి. గీత మధ్యలోంచి వెళ్తే పాట రెండు ముక్కలవుతుంది. 'స్మూత్'ను చూడండి. 1999 అక్టోబరు 23 నుంచి పన్నెండు వారాలు నంబర్ వన్. అందులో సుమారు సగం 1999 లెక్కలో, మిగతా సగం 2000 లెక్కలో పడ్డాయి. 1999లో దానికి 19వ స్థానం, 2000లో రెండో స్థానం. మీలో కొందరు "పన్నెండు వారాలు కదా, 'బ్రీద్' కన్నా వెనక ఎలా ఉంది?" అని అడిగారు. పన్నెండూ 2000వి కావు. దాని 2000 పట్టికలో డిసెంబరు, జనవరి వారాలూ, ఆ తర్వాత నెమ్మదిగా దిగిన నెలలూ ఉన్నాయి. 'బ్రీద్' ప్రయాణం మాత్రం పెద్ద భాగం ఒకే ఏటి లెక్కలో ఇమిడింది.

షబూజీ 'ఎ బార్ సాంగ్' దగ్గర కూడా ఇదే. 2024 జూలై 13న మొదటిసారి నంబర్ వన్ అయి, మధ్యలో దిగుతూ ఎక్కుతూ మొత్తం 19 వారాలు అక్కడ నిలిచింది. అప్పటికి లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' పేరిట ఉన్న రికార్డుతో అది సమానం. అయినా 2024 వార్షిక జాబితాలో రెండోది. కారణాలు రెండు. ఆ 19 వారాల్లో చివరివి అక్టోబరు 19 దాటి 2025 లెక్కలోకి పోయాయి. ఇక మొదటి స్థానంలో నిలిచిన టెడ్డీ స్విమ్స్ 'లూజ్ కంట్రోల్' నంబర్ వన్‌గా ఉన్నది ఒకే ఒక్క వారం, కానీ ఆ ఏడాది పొడవునా పైస్థానాల్లో కదలకుండా ఉంది. అది పైకి చేరడానికే 32 వారాలు పట్టింది. 2022లో గ్లాస్ యానిమల్స్ 'హీట్ వేవ్స్' జాబితాలో అడుగుపెట్టిన 59వ వారంలో మొదటి స్థానానికి చేరి, 15 వారాల నంబర్ వన్ హ్యారీ స్టైల్స్ 'యాజ్ ఇట్ వాజ్'ను వార్షిక జాబితాలో రెండో స్థానానికి నెట్టింది.

ఇందులోనే ఇంకో చిన్న గుంట ఉంది. సంచిక మీద వేసిన తేదీ ఆ వారం పాటలు విన్న తేదీ కాదు. ఇప్పటి పద్ధతిలో శుక్రవారం నుంచి గురువారం దాకా లెక్క తీసి, ఆ గురువారానికి తొమ్మిది రోజుల తర్వాతి శనివారం తేదీ వేస్తారు. మరియా కేరీ 1994లో విడుదల చేసిన 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' మొదటిసారి నంబర్ వన్ అయింది 2019 డిసెంబరు 21 సంచికలో. 2020 జనవరి 4 సంచికలోనూ మొదటి స్థానం దానిదే. జనవరిలో ఎవరూ క్రిస్మస్ పాట వినడంలేదు, ఆ సంచిక చెబుతున్నది క్రిస్మస్ వారం సంగతి. పైగా చార్టు ఏడాది గీత క్రిస్మస్‌కు ముందే ఉంటుంది కాబట్టి ఒక డిసెంబరులో మోగిన క్రిస్మస్ పాటలు మరుసటి ఏటి లెక్కలోకి వెళ్తాయి.

ప్లాటినం డిస్కులు (ఒక హద్దు దాటి ప్రతులు వెళ్లిన పాటకు ఇచ్చే గుర్తింపు) తీసుకుని లెక్క వేసిన వారికి ఒక మాట. అవి పాట జీవితకాలంలో ఎన్ని ప్రతులు వెళ్లాయో చెబుతాయి, ఏ ఏడాదిలో వెళ్లాయో చెప్పవు. పైగా సింగిల్‌కు ప్లాటినం హద్దు 1989లో ఇరవై లక్షల నుంచి పది లక్షలకు తగ్గింది, కాబట్టి ముందు వాటినీ తర్వాత వాటినీ పక్కపక్కన పెట్టడం కుదరదు. గ్రామీ అవార్డులు ఓట్లతో వచ్చేవి, మన లెక్కకు సంబంధం లేదు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి. ఏ పాట గురించి చూసినా మూడే సంగతులు రాసుకుంటాను, ఈ వరుసలోనే: జాబితాలోకి వచ్చిన తేదీ, నిలిచిన మొత్తం వారాలు, అత్యున్నత స్థానం. అందరూ చివరిదాన్ని మొదట చూస్తారు. దాన్ని చివరికే ఉంచండి, వీలైతే చేత్తో మూసిపెట్టి మిగతా రెండూ చదవండి. చలికాలం చివర, వసంతం మొదట్లో జాబితాలోకి వచ్చి నలభై వారాలు దాటిన పాట కనిపిస్తే అది వార్షిక జాబితాలో మొదటి ఐదింటిలో ఉండే అవకాశం ఎక్కువ. దానికి ఎక్కడానికీ నిలవడానికీ దిగడానికీ ఒకే చార్టు ఏడాదిలో చోటు దొరుకుతుంది. అమెరికా వేసవి చివర, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో వచ్చిన పాట ఎంత పెద్దదైనా నాకు అనుమానమే, 'క్యాండిల్ ఇన్ ద విండ్' లాంటి అమ్మకాలు ఉంటే తప్ప. రేడియో నెమ్మదిగా నెత్తికెత్తుకున్న పాటల పట్ల నాకు పక్షపాతం ఉంది, అవే ఆ ఏటి జనం చెవిలో నిజంగా నిలిచినవని నమ్ముతాను. మీరు నాతో ఏకీభవించనక్కరలేదు, కానీ ఊహ వేసేటప్పుడు ఆ పక్షపాతం నన్ను తరచూ సరైన చోటికే చేర్చింది.

ఒక ఏడాదిని కొత్తగా చదివేటప్పుడు నంబర్ వన్ పాటల జాబితాతో మొదలుపెట్టకండి. అది వార్తాపత్రిక శీర్షికలాంటిది. వార్షిక జాబితాలో 11 నుంచి 40 దాకా ఉన్న పాటలు చదవండి. పైపది అందరికీ తెలిసినవే, ఆ ఏటి అసలు రుచి కింద ముప్పైలోనే ఉంటుంది.

అభ్యాసం. ఈసారి సంవత్సరం 1996. ఇది ఒక ఆదివారంలో పూర్తికాదు, రెండు మూడు వారాలు పెట్టుకోండి. అందుకే జవాబు ముందే చెబుతున్నాను. లాస్ డెల్ రియో 'మకరేనా' మొదటిది, 'వన్ స్వీట్ డే' రెండోది, సెలీన్ డియోన్ 'బికాజ్ యూ లవ్డ్ మీ' మూడోది, టోనీ రిచ్ ప్రాజెక్ట్ 'నోబడీ నోస్' నాలుగోది. ఎనిమిది వారాలు నంబర్ వన్‌గా ఉన్న బోన్ థగ్స్-ఎన్-హార్మొనీ 'థా క్రాస్‌రోడ్స్' ఏడోది. 'నోబడీ నోస్' రెండో స్థానం దాటలేదు, అయినా దానికన్నా మూడు మెట్లు పైన ఉంది.

1995 డిసెంబరు 2 నుంచి 1996 నవంబరు 30 దాకా ప్రతి వారపు జాబితా తెరిచి, ఈ ఐదు పాటల స్థానాలు ఒక పట్టికలో వేయండి. జాబితాలో లేని వారానికి సున్నా. స్థానాలను పైన చెప్పిన 100, 99 లెక్కలో పాయింట్లుగా మార్చి కూడండి. తర్వాత అదే పట్టికను 1996 జనవరి మొదటి సంచిక నుంచి డిసెంబరు చివరి సంచిక దాకా మార్చి మళ్లీ కూడండి. 'వన్ స్వీట్ డే' ఎన్ని పాయింట్లు పోగొట్టుకుందో విడిగా రాయండి. మీ వరుస, అచ్చయిన వరుస ఎక్కడ కలవలేదో గుర్తించి, కలవకపోవడానికి కారణం అమ్మకాలా రేడియోనా అన్నది ఒక పేరాలో వాదించండి. 'మకరేనా' దగ్గర ప్రత్యేకంగా ఆగండి. మొదటి స్థానానికి చేరడానికి దానికి 33 వారాలు పట్టింది, ఆ ఎక్కే వారాల పాయింట్లు మర్చిపోతే మీ మొత్తం తప్పుతుంది.

జవాబుతో పాటు పట్టిక కూడా పంపండి. పట్టిక లేని జవాబును సరిదిద్దడానికి నాకు దారి ఉండదు.